అట్ట కింద మిగిలిన తెలుపు

ప్రింటర్ నోట్లోంచి బూడిద పూసినట్టున్న బొమ్మ బయటికొచ్చిన దగ్గర కిందటి వారం మనం చిన్నకోడల్ని వదిలేసి వచ్చాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. జ్వరం తగిలిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఆ బొమ్మను రెండు అరచేతుల మీద పట్టుకుని నిలబడింది. వెనక గుమ్మంలో బావగారున్నాడు. గోడ గడియారంలో మూడయింది. గ్యాలరీ మేడమ్ వస్తానన్నది నాలుగింటికి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఆ స్టూడియో మామగారిది. ఆయన పోయి ఏడాది. ముందు హాలూ, వీధివైపు షోకేసూ, పెళ్ళి ఆల్బమ్‌ల పనీ పెద్దకొడుకు, అంటే గుమ్మంలో ఉన్న బావగారి చేతిలో ఉన్నాయి. వెనక ప్రింట్ గది చిన్నకోడలి చేతిలో ఉంది. ఆవిడ భర్త, అంటే చిన్నకొడుకు, ఈ రెండింటికీ నడుమ కంప్యూటర్ ముందు కూర్చుని జనం మొహాల మీద మచ్చలు తుడుస్తుంటాడు. మామగారి యాభై ఏళ్ళ పనిలోంచి నలభై ఫోటోలు ఏరి ప్రదర్శన పెడతానని గ్యాలరీ మేడమ్ ముందుకొచ్చింది. వాటిలో ఆరింటికి, ఇల్లంతా బోర్లించి వెతికినా నెగెటివ్‌లు దొరకలేదు. పాత ప్రింట్లనే స్కాన్ చేసుకున్నారు.

ఆ నలభైనీ ఏ కాగితం మీద వెయ్యాలన్న దగ్గర ఇల్లు రెండుగా చీలింది. బావగారు నిగనిగలాడే గ్లాసీ పేపరన్నాడు. చిన్నకోడలు నూలు కాగితమంది. అచ్చమైన నూలుతో చేసి, బొమ్మ పడే వైపు మాత్రం మెరుపు లేని సన్నటి పూత పూసిన మందపాటి కాగితం అది. చివరికి చెరొక నమూనా వేసి మేడమ్‌కి చూపించాలనీ, ఆవిడ ఎవరిది మెచ్చితే ప్రింట్ గది వాళ్ళదేననీ అత్తగారి ముందు మాట అనుకున్నారు. బావగారు గెలిస్తే ఆ గదిలోకి ఆల్బమ్‌లకు ప్లాస్టిక్ పొర అంటించే మెషీన్ దిగుతుంది. చిన్నకోడలు ఇకమీదట కౌంటర్ దగ్గర కూర్చుని, ఎవరి ఫోటోలు ఎప్పుడు తయారవుతాయో చెప్పుకుంటూ బతకాలి. మెషీన్ పడుతుందో లేదోనని బావగారు అప్పుడే గదిని టేపుతో కొలిచి, ఆ కొలతల చీటీ జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

"ఏం కాగితాలమ్మా," అన్నాడు గుమ్మంలోంచి. ఆ పేరు ఆయన పెట్టిందే. "ఇది ఫోటోనా, పొయ్యి తుడిచిన గుడ్డా?"

చిన్నకోడలు వెనక్కి తిరగలేదు. బొమ్మవైపే చూస్తోంది. మిట్టమధ్యాహ్నం, కుట్టుమిషన్ మీద తల వాల్చి నిద్రపోయిన ఒక ఆడమనిషి బొమ్మ అది. చేతివేళ్ళలో కత్తెర ఇంకా అలాగే ఉంది. కిటికీ వెలుగు వచ్చి మెడ వెనక పడింది. నలభైలోనూ మేడమ్‌కి ప్రాణం ఇదే. నెగెటివ్ దొరకని ఆరింటిలో ఇదొకటి. నల్లగా నిగ్గుతేలాల్సిన మిషన్ ఇప్పుడు తడి గోడ రంగులో ఉంది. మెడ మీది వెలుగు ఎటో పోయింది.

మెషీన్ వచ్చేదాకా ఎందుకు, ఇప్పుడే సామాను సర్దుకోవచ్చు కదా అని బావగారు ఇంకో మాట కలిపాడు. ఆయన వెనకే నిలబడ్డ తమ్ముడు నేల చూపులు చూశాడు. అన్నగారు ఈలవేసుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయాడు.

చిన్నకోడలికి ఏడుపు రాలేదు. వచ్చే తీరిక లేదు. మొన్న ఇదే కాగితం నమూనా ముక్క మీద ఇదే బొమ్మ వేస్తే నలుపు ముఖమల్ గుడ్డలా వచ్చింది. ఇంకు అదే, ప్రింటర్ అదే, కంప్యూటర్‌లో పెట్టిన కొలతలవీ అవే. మరి మారిందేమిటి? ఇంకు సరిగ్గా దిగుతోందో లేదోనని గీతల కాగితం ఒకటి వేసి చూసింది. ఒక్క గీత కూడా తెగలేదు. పెట్టెలోంచి కొత్త షీటు ఒకటి తీసింది. చూపుడువేలినీ బొటనవేలినీ నాలుకకి తాకించి, షీటు మూలని ఆ రెండు వేళ్ళ మధ్య నొక్కి వదిలింది.

మామగారు నేర్పిన పరీక్ష అది. మెరుపు లేని కాగితానికి ఏది ముందో ఏది వెనకో కంటితో తేల్చడం కష్టం. పూత ఉన్న వైపు తడి వేలికి జిగురులా పట్టుకుంటుంది. లేని వైపు పట్టదు. షీటులో పై వైపు ఉన్న చూపుడువేలు జారిపోయింది. కింద ఉన్న బొటనవేలు అంటుకుంది.

ఇంకో షీటు తీసింది. అదీ అంతే. పెట్టెలో ఉన్న ఎనిమిదీ బోర్లా పడుకుని ఉన్నాయి. పూత పైకి ఉండేట్టు తప్ప ఇంకోలా ఆవిడ సర్దదు. ఈ ఇంట్లో ఆ పెట్టె ఎవరూ ముట్టుకోరు. తల ఎత్తి చూస్తే, బల్ల చివర, ఉండకూడని చోట, నాలుగు పెద్ద పెళ్ళి ఆల్బమ్‌లు దొంతరగా పేర్చి ఉన్నాయి.

"నేనే," అన్నాడు భర్త. వెళ్ళిపోయాడనుకున్న మనిషి గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. గొంతు పీలగా ఉంది. "నిన్న అంచులు లేచి ఉన్నాయి. ప్రింటర్‌లో ఇరుక్కుంటే నీకు ఇబ్బందని తిరగేసి ఆ ఆల్బమ్‌ల కింద పెట్టాను. చదునయ్యాయి. పొద్దున్న అలాగే పెట్టెలో సర్దేశాను."

ఆవిడకి నవ్వొచ్చినంత పనైంది. పెళ్ళయిన పదేళ్ళలో అడక్కుండా ఆయన చేసిపెట్టిన సాయం ఇదొక్కటే. అదీ ఇవాళ.

"మీ అన్నయ్య నవ్వినప్పుడు మీకు తెలుసా, ఇది మీ వల్ల అయిందని?"

అనుమానం వచ్చిందనీ, గట్టిగా తెలియదనీ, అన్నయ్య ముందు ఎందుకులే అనుకున్నాననీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"కాగితం తిరగేసింది తప్పు కాదండీ. తెలియక చేశారు. అక్కడ నిలబడి ఊరుకున్నారు చూడండి, దాన్నేం చెయ్యాలో నాకు తెలియడం లేదు," అంది. ఆ మాట కోపంగా కూడా అనలేదు. షీటు తిరగేసి, మెత్తటి కుంచెతో నూగు దులిపి, ప్రింటర్‌లో పెట్టింది. పని మొదలయ్యాక ఆవిడ ఎవరితోనూ మాట్లాడదని ఆయనకి తెలుసు. ఆల్బమ్‌లు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఇరవై నిమిషాలు. ప్రింటర్ అటూ ఇటూ తిరుగుతూ బొమ్మని వేలెడు వేలెడు బయటికి తోస్తోంది. ముందు కిటికీ చట్రం వచ్చింది. తరవాత గోడ. మిషన్ పైభాగం వచ్చేసరికి చిన్నకోడలు ఊపిరి వదిలింది. నలుపు వచ్చింది. నూనె మరకతో సహా వచ్చింది. ఆ తరవాత మెడ, మెడ మీద వెలుగు. ఆ వెలుగులో చెమటకి అంటుకున్న నాలుగు వెంట్రుకలు.

మేడమ్ పది నిమిషాలు ముందే వచ్చింది.

హాల్లో బావగారు ఏర్పాటు ఘనంగానే చేశాడు. తన నమూనాని బంగారు రంగు ఫ్రేములో బిగించి, స్టాండు మీద నిలబెట్టి, పెళ్ళికూతుళ్ళ ఫోటోలకి వాడే రెండు లైట్లు దాని మీదికి తిప్పాడు. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని, ఎప్పటిలాగే, పల్చటి బటర్ పేపర్‌ని కత్తిరించి నెగెటివ్‌లు పెట్టుకునే కవర్లు మడుస్తోంది. ఇప్పుడు నెగెటివ్‌లు తీసేవాళ్ళు లేరు, కవర్లు కావలసినవాళ్ళు లేరు. అయినా యాభై ఏళ్ళ అలవాటు చేతుల్ని వదలదు. ఒక మూల లోపలికీ ఒక మూల బయటికీ మడిచే ఆ పద్ధతి ఆవిడ ఒక్కదానిదే. తగువు తన దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆవిడ తలెత్తలేదు. కాగితం కాగితమే, అందులో నాకేం తెలుసు, ఆ మేడమే తేలుస్తుంది అనేసి ఊరుకుంది.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని బావగారి బొమ్మ ముందు నిలబడింది. బాగుంది అంది. కళ్ళు జిగేల్‌మన్నాయి అంది. నలుపు చూడండి మేడమ్, బావిలోకి తొంగి చూసినట్టు లేదూ అని బావగారు అందుకున్నాడు. తెలుపు చూడండి, సున్నం కొట్టిన గోడ కూడా ఇంత తెల్లగా ఉండదన్నాడు. జనం ప్రదర్శనకి వచ్చేది కళ్ళు చెదరడానికనీ, మెరుపు లేని బొమ్మ ముందు ఎవరూ నిలబడరనీ, నాన్నగారి పేరు నిలబెట్టాలంటే ఇదే కాగితమనీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు.

చిన్నకోడలు తన బొమ్మను మామూలు అట్ట మీద ఆనించి తెచ్చి స్టాండు పక్కన కుర్చీలో పెట్టింది. ఫ్రేము లేదు, లైటు లేదు. మేడమ్ రెండింటినీ మార్చి మార్చి చూస్తుండగా బావగారు కౌంటర్ కింద నుంచి ఇంకొకటి తీశాడు. గంట క్రితం వచ్చిన బూడిద బొమ్మ.

"ఇది కూడా చూడండి మేడమ్. అదే కాగితం, అదే చెయ్యి. ఒకసారి అలా వస్తుంది, ఒకసారి ఇలా వస్తుంది. నలభై వేసేలోపు ఎన్ని ఇలా వస్తాయో భగవంతుడికెరుక."

అంతవరకు వస్తాడని చిన్నకోడలు అనుకోలేదు. ఆ బొమ్మను చెత్తబుట్టలో వేసింది తనే. నోరు తెరవబోయింది. ఈలోపు కంప్యూటర్ దగ్గర కుర్చీ కిర్రుమంది.

"దాని తప్పు కాదన్నయ్యా. నేను కాగితాలు తిరగేసి పెట్టాను. పూత లేని వైపు పడింది బొమ్మ."

"నువ్వెందుకురా మధ్యలో?"

"మధ్యలో నేనే ఉన్నాను గనక," అన్నాడు తమ్ముడు. చెవులు ఎర్రబడ్డాయి. అంత మాట అన్నందుకు తనే జడుసుకున్నట్టు వెంటనే కూర్చుని, ఎవరిదో నుదుటి మీద మచ్చ తుడవడం మొదలుపెట్టాడు. చిన్నకోడలు అటు చూడలేదు. కానీ భుజాల మీద నుంచి ఏదో దిగినట్టయింది.

మేడమ్ బూడిద బొమ్మను పక్కన పెట్టేసి సూటిగా అడిగింది. గ్లాసీ మీద నలుపు ఎక్కువ లోతుగా ఉందనీ, అది తన కంటికే కనిపిస్తోందనీ, అలాంటప్పుడు నూలు కాగితం ఎందుకు తీసుకోవాలో చెప్పమనీ అంది. న్యాయమైన ప్రశ్నే.

"నలుపు లోతులో బావగారిదే గెలుస్తుంది మేడమ్. అబద్ధం చెప్పను," అంది చిన్నకోడలు. బావగారు ఆశ్చర్యపోయి చూశాడు. "మీరు ఒక్క అడుగు ఇటు జరగండి."

మేడమ్ జరిగింది. బంగారు ఫ్రేములో రెండు లైట్లు రెండు తెల్లటి గుండ్రాలై కుట్టుమిషన్ మీద కూర్చున్నాయి. నిద్రపోతున్న మనిషి మెడ మీద మేడమ్ కళ్ళజోడు, దాని పైన మేడమ్ నుదురు కనిపించాయి. ఇంకో అడుగు వేస్తే షోకేసూ, వీధిలో పోతున్న సైకిలూ కనిపించాయి.

"ఆవిడ నిద్రపోతోంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ వాళ్ళ మొహాలు ఆవిడ మీద వేసి పోతే ఎలా? నా కాగితం ముందు ఎక్కడ నిలబడినా మీకు ఆవిడే కనిపిస్తుంది."

లైట్లు పక్కకి తిప్పుకుంటే సరిపోతుంది, దీనికింత కథేమిటి అన్నాడు బావగారు. మేడమ్ తలూపింది. ఆవిడ గ్యాలరీలో లైట్లు తిప్పుకోవచ్చట. చిన్నకోడలు గబగబా కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నోట్లు అసలువో కాదో చూసే చిన్న నీలం దీపం తెచ్చింది. కిటికీ తెర లాగి, రెండు లైట్లూ ఆర్పి, దీపాన్ని ముందు బావగారి కాగితం అంచు మీద పెట్టింది. కాగితం పాలిపోయిన నీలంగా వెలిగిపోయింది. తన కాగితం మీద పెట్టింది. అది చీకట్లో ఏ అలికిడీ లేకుండా ఉండిపోయింది. మళ్ళీ తెర తీసేసింది.

ఆ వెలుగు కాగితం తెలుపు కాదనీ, తెల్లగా కనిపించడానికి కలిపిన మందు అనీ చెప్పింది. గుడ్డలకి నీలిమందు పెట్టినట్టే ఇదీ. వెలుతురు తగిలే కొద్దీ ఆ మందు అలసిపోతుంది. అలసిపోయాక కాగితం తన అసలు రంగు బయటపెడుతుంది. మీ గోడ మీద ఉన్న నలభై బొమ్మల్లో కిటికీ దగ్గరివి ముందూ, దూరంగా ఉన్నవి వెనకా, ఒక్కొక్కటి ఒక్కో రంగుకి తిరుగుతాయి అంది.

"ప్రదర్శనకి వచ్చినవాళ్ళందరికీ తలా ఒక నీలం దీపం ఇస్తామా ఏమిటి?" అన్నాడు బావగారు. ఆయన నవ్వితే మేడమ్ కూడా నవ్వేసింది. ఆ నవ్వు చూసి ఆయనకి ఊపు వచ్చింది. "ఏ ఇరవై ఏళ్ళకో పసుపెక్కితే ఎక్కనీ. అప్పుడు ఎవరు చూడొచ్చారు?"

మేడమ్ గడియారం చూసుకుంది. సంచి భుజానికి తగిలించుకుంది. చిన్నకోడలికి ప్రింట్ గది తలుపు కళ్ళ ముందు మూసుకుపోతున్నట్టు కనిపించింది. ఆ గదిలో మామగారు పక్కన నిలబెట్టుకుని ఒక్కో షీటూ వేలితో తాకించి నేర్పిన ఎనిమిదేళ్ళు, టేపు కొలతలై ఒకాయన జేబులో ఉన్నాయి.

"ఇరవై అక్కర్లేదు బావగారూ. ఏడేళ్ళు చాలు," అంది.

అని, షోకేసు దగ్గరికి నడిచింది. అక్కడ నడిమధ్యన, వీధిలో పోయే వాళ్ళందరికీ కనిపించేట్టు, బావగారి కూతురి ఫోటో ఉంది. అయిదేళ్ళప్పటిది. తెల్ల గౌను వేసుకుని, ఊడిన పన్ను చూపిస్తూ నవ్వుతోంది. ఇప్పుడా పిల్లకి పన్నెండు. ఆ ప్రింటు బావగారు స్వయంగా వేసుకున్నాడు, ఈ గ్లాసీ పేపర్ మీదే. ఫ్రేము మాత్రం మామగారు తన చేత్తో కట్టాడు. దుమ్ము తుడవడానికి కూడా ఇంకొకరిని రానివ్వడు బావగారు. తనే తుడుచుకుంటాడు.

"అమ్మాయ్, దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"వేశాను బావగారూ," అంది, ఫ్రేముని మేకు మీంచి ఎత్తుతూ.

బావగారు రెండడుగులు ముందుకు వేశాడు. కిటికీ దగ్గర కవరు మడత ఆగింది.

"తియ్యనీరా," అంది అత్తగారు.

అంతే. ఆ ఇంట్లో ఆవిడ అంతకన్నా గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. అంతకన్నా గట్టిగా మాట్లాడవలసిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. బావగారు ఉన్నచోటే ఆగిపోయాడు.

చిన్నకోడలు ఫ్రేముని కౌంటర్ మీద బోర్లించి, స్క్రూడ్రైవర్ మొనతో వెనక మేకులు ఒక్కొక్కటే వంచింది. మామగారు కొట్టిన మేకులు. ఒక్కటీ పక్కకి పోలేదు. వెనక అట్ట ఊడదియ్యకుండా ఫ్రేముని మాత్రం పైకి తీసి, బొమ్మని వెల్లకిలా తిప్పింది. బొమ్మ చుట్టూ కిటికీలా కత్తిరించి వేసిన అట్ట ఉంది. దాని అంచు పట్టుకుని మెల్లిగా ఎత్తింది.

మేడమ్ కౌంటర్ మీదికి వంగింది.

అట్ట కింద దాగి ఉన్న రెండు వేళ్ళ మేర కాగితం నిన్న పెట్టెలోంచి తీసినట్టు తెల్లగా ఉంది. దాని లోపల, గీత గీసినట్టు, ఇంకో రంగు మొదలైంది. పాపాయి తెల్ల గౌను కాచి వదిలేసిన పాల మీగడ రంగులో ఉంది. బుగ్గల ఎరుపు ఎటో కొట్టుకుపోయి, మొహం నాలుగు రోజులు లంఖణం చేసిన పిల్లదానిలా పాలిపోయి ఉంది. ఫ్రేములో ఉన్నంతసేపూ తెలియలేదు. పక్కన అసలు తెలుపు పెట్టేసరికి దాచడానికి ఏమీ మిగల్లేదు.

బావగారు దగ్గరికి వచ్చాడు. వేలితో ఆ గీత మీద రాశాడు, మరకైతే పోతుందేమోనన్నట్టు.

"రోజూ తుడుస్తాను దీన్ని," అన్నాడు. "నాకు తెలియలేదే."

"రోజూ చూసేవాళ్ళకి తెలియదు బావగారూ. రోజుకింత పోతుంది గనక." చిన్నకోడలి గొంతులో వాడి తగ్గింది. ఒక్క క్షణం ఆయన్ని చూస్తే జాలి కూడా వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోదలచలేదు. "పాప ఫైలు కంప్యూటర్‌లో ఉంది. మళ్ళీ వేసిస్తాను, నూలు కాగితం మీద. మామగారి బొమ్మలు మాత్రం ఇలా కానివ్వను. గది తీసుకుంటే తీసుకోండి. కౌంటర్ దగ్గర కూర్చోమంటే కూర్చుంటాను. కానీ వీటిని ఈ గ్లాసీ కాగితం మీద వేసే చెయ్యి మాత్రం నాది కాదు. వేరే ఎవరైనా వేస్తే, ఆ ప్రదర్శన గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ పాప ఫోటో చూపిస్తాను."

మేడమ్ సంచి భుజం మీంచి దించింది. తెల్ల గీత వైపు ఇంకోసారి చూసింది. కుర్చీలో ఉన్న బొమ్మ దగ్గరికి వెళ్ళి, వంగి, చాలాసేపు చూసింది. అక్కడ ఎక్కడా ఆవిడ మొహం ఆవిడకి కనిపించలేదు.

నలభైనీ నూలు కాగితం మీదే వెయ్యండి అంది. కుట్టుమిషన్ బొమ్మ అన్నింటికన్నా పెద్ద సైజులో వెయ్యమనీ, గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా అదే ఉండాలనీ, ఆహ్వాన పత్రిక అట్ట మీద కూడా మామగారి పేరుతో అదే వెళ్తుందనీ చెప్పింది.

బావగారు జేబులోంచి కొలతల చీటీ తీశాడు. దానిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చేతిలో తిప్పి, నాలుగు మడతలు పెట్టి కౌంటర్ మీద వదిలేశాడు. కంప్యూటర్ వెనక నుంచి భర్త ఒక్కసారి తొంగి చూశాడు. ఈసారి చిన్నకోడలు ఆయన వైపు చూసింది. పూర్తిగా నవ్వలేదు. ఆ లెక్క ఇంకా తేలవలసి ఉంది.

పాప ఫోటోని జాగ్రత్తగా వెనక అట్ట మీంచి విడదియ్యబోయింది. ఏడేళ్ళుగా ఒకచోట పడి ఉన్నవి కదా, నెమ్మదిగా ఊడాయి. ఊడిన రెండింటి మధ్య నుంచి పల్చటి కవరు ఒకటి జారి కౌంటర్ మీద పడింది.

బటర్ పేపర్ కవరు. ఒక మూల లోపలికీ, ఒక మూల బయటికీ మడిచి ఉంది. మీద పెన్సిలుతో మామగారి చేతిరాత. ఆ పొట్టి పొట్టి అక్షరాలు చిన్నకోడలికి తన సొంత చేతిరాత కన్నా బాగా తెలుసు. చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది.

'ఈ ఫ్రేము విప్పేది చిన్నకోడలే అయి ఉంటుంది. ఈ ఆరూ నేను తీసినవి కావు.'

లోపల నెగెటివ్ ముక్క ఒకటి ఉంది, ఆరు బొమ్మలది. అంచులు పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తింది. నలుపంతా తెలుపై, తెలుపంతా నలుపై, మూడో గడిలో కుట్టుమిషన్ మీద తల వాల్చి ఒక ఆడమనిషి నిద్రపోతోంది. చేతివేళ్ళలో కత్తెర.

మేడమ్ ఎప్పుడొచ్చిందో, చిన్నకోడలి భుజం మీంచి ఆ రాత చదివేసింది. "ఆయన కాకపోతే ఇది తీసిందెవరు?" అని నెమ్మదిగా అడిగింది.

బావగారి మొహంలో రక్తం లేదు. నాన్న పేరు ఊరంతా చెప్పుకున్నామనీ, ఇప్పుడు ఇదొకటి బయటపడితే తల ఎక్కడ పెట్టుకోవాలనీ, ఆ ముక్క ఇటిస్తే తగలబెట్టి పారేస్తాననీ గొణుగుతూ చెయ్యి చాచాడు. చిన్నకోడలు నెగెటివ్‌ని గుండెకేసి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇద్దరి మధ్యకీ ఇంకో చెయ్యి వచ్చింది. బటర్ పేపర్ నూగు అంటుకున్న ముసలి వేళ్ళు. ఆ వేళ్ళు నెగెటివ్‌ని అంచులతోనే పట్టుకున్నాయి, వేలిముద్ర పడకుండా, పనివాళ్ళు పట్టుకునే తీరులో. అత్తగారు దాన్ని కిటికీ వైపు ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో మూడో గడిలోకి చూసింది. చూస్తూనే ఉంది. కాగితం సంగతి తనకేం తెలుసన్న మనిషి.

తరవాత నెగెటివ్‌ని తన కవర్లోకి తనే జారవిడిచి, పెద్దకొడుకు వైపు గానీ మేడమ్ వైపు గానీ తిరగకుండా, చిన్నకోడలిని అడిగింది.

"ఇంతకీ నావి ఏ కాగితం మీద వేస్తావే?"